వెళ్ళలేదు. గాలి.

పార్ను అఖాతంలో మంచు పలక
పెళ్ళున విరిగిన రాత్రే
నా కంప్యూటర్లో ఇరవయ్యొకటోసారి
అందరూ చచ్చిపోయారు, ఒక్కరు తప్ప.

పేర్లు పెట్టుకున్నాను వాళ్ళకి, పెట్టకూడదని తెలిసీ.
వసంతం రాగానే విచ్చుకుని
అంతలోనే బరువెక్కి మునిగిపోయే గాజుపెట్టె.
వెలుగు ఎక్కడుంటే అక్కడికి ఎగబాకే రెండు తోకలవాడు.
జూలైలో నీటి మీద తేలుతూ ఎండంతా తాగేసే నూలుపోగు.
అందరికీ కూడు ఒకటే, కాస్త భాస్వరం, కాస్త వెలుతురు.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటుంది సమీకరణం.
మూడో ఏడు తిరిగేసరికి
నూలుపోగు ఒక్కతే మిగిలి
సముద్రమంతా నాదే అంటుంది.

కిటికీ బయట సముద్రం మాత్రం
చెంచాడు నీళ్ళలో డెబ్బై కత్తులు దాచుకుని
చప్పుడు చెయ్యకుండా పడుకుంది.

ముప్పయ్యొక్కేళ్ళుగా మాకు నీళ్ళు తెచ్చేది
కీహ్ను దీవి మనిషి, ఎల్వి.
ఎర్రచారల పావడా, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు.
"నీ గీతలు చేపలు చదువుతాయా?" అంటుంది
సీసాలు దించుతూ.
ఆ సోమవారం నోటుబుక్కు బల్ల మీద మరిచిపోయింది.
చేపనూనె వాసన. తేదీ, చలి, లోతు.
మధ్యమధ్యలో, మొద్దు పెన్సిలుతో,
రెండే మాటలు
వెళ్ళలేదు. గాలి.

నా పట్టికలో అవి ఖాళీ గళ్ళు.
ఖాళీ ఉంటే బాగుండదని
ఈ వారానికీ ఆ వారానికీ మధ్య
స్కేలు పెట్టినట్టు గీత గీసింది నేనే.
నున్నటి గీత. అల ఎరగని గీత.

నూట తొంభై నాలుగు సోమవారాలు.
ఒక్కొక్కటే వేలు పెట్టి చదివి
ఒక్కొక్క గాలినీ లెక్కలోకి వదిలాను.
అడుగున పడ్డ గాజుపెట్టెలు బురదతో సహా లేచాయి.
నూలుపోగు చీకట్లోకి జారి
తన వంతు కోసం ఆగడం నేర్చుకుంది.
జూన్ దాటింది. జూలై దాటింది.
తెల్లారేసరికి ఏళ్ళు గడిచాయి, ఇల్లు నిండుగానే ఉంది.
తొమ్మిదో ఏట రెండు తోకలవాడు పోయాడు, అంతే.

ఎల్వికి చెబితే నవ్వింది.
"ఇంట్లో కూర్చున్న రోజులకా ఇంత సంబరం?
ఆ రోజుల్లో మగ్గం దగ్గరుండేదాన్ని.
అమ్మ పోయిన ఏడు నల్లచార,
ఆ పక్కనే సన్నగా నీలం,
తర్వాత్తర్వాత కదా ఎరుపు" అని
పావడా కొంగు అరచేతిలో పరిచి చూపించింది.

మధ్యాహ్నం ఆమె తెచ్చిన సీసాలోంచి
ఒక చుక్క తీసి అద్దం కింద పెట్టాను.
రెండు తోకలవాడు,
లెక్కలో పోయినవాడు,
అడ్డదిడ్డంగా ఈదుతున్నాడు.

నీ సంగతి నాకింకా తెలీదురా, అన్నాను.