గోనె నీడ

మిల్లు గేటుకి మూడోసారి తాళం పడ్డ వారం
పోస్టులో వచ్చిందీ పొట్లం.
మా స్పిన్నింగు సెక్షన్ బిసాయి పంపాడు,
ఎక్కడో చలికొండల్లో కాపలా పని దొరికిందట వాడికి.
లోపల చిటికెడు నలుసులు.
చోడిగింజ వీటి పక్కన గుమ్మడికాయ.
"కొండ స్ట్రాబెర్రీ. తీగ పారదు,
కూకున్న సోటే కూకుని కాస్తాది.
ముందు సలి సూపించు" అని రాశాడు.

నెల్లిమర్లలో చలి ఎక్కడ తేను?
దాలినాయుడి సోడాకొట్టు ఫ్రిజ్జులో
సీసాల వెనక, తడిగుడ్డలో చుట్టి
ఇరవై రోజులు దాచాను.
"ఏటి బావా, బంగారవేటి?"
"నానూ ఎరగన్రా."

సిరిమాను తిరిగిన మర్నాడు
స్వీటు డబ్బాలో చంపావతి ఇసక, మాగిన పెంట, కొబ్బరిపొట్టు.
పైన చల్లడమే. కప్పకూడదు.
వెలుతురు తగిలితేనే లేస్తాయట.
చిన్నప్పుడు అయ్యతో గోగు చల్లి
మన్ను కప్పిన చేతులు,
ఊరకుండలేక
ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

ఇరవయ్యారు రోజులు ఏమీ లేదు.
"ఇసకనేటి పెంచుతున్నావు?" అంది సన్యాసమ్మ.
ఇరవయ్యేడో రోజు
ఆకుపచ్చ సూదిమొనలు.
కళ్లజోడు పెట్టి లెక్కపెట్టాను: పదకొండు.
ఆమె కళ్లజోడు లేకుండా లెక్కపెట్టింది: తొమ్మిది.
నాలుగు రోజులు పోయాక ఆమె లెక్కే నిలిచింది.

మొవ్వు మట్టిలో మునిగితే కుళ్లు,
పైకి తేలితే ఎండు.
బాబిన్ మీద దారం సంగతే ఇది,
బిగిస్తే తెగుద్ది, వదిలేస్తే చిక్కు.
ఈ ఒక్క పనీ
ఎవరూ నేర్పకుండానే వచ్చింది నాకు.

మాఘం దాటగానే పైరేకులు కాగాయి.
నాలుగు వెదుళ్లు పాతి
మేం నేసిన గోనెలే పరిచాను, మిల్లు ముద్ర పైకుండేలా.
పొద్దున ఓమారు, మిట్టమధ్యాహ్నం రెండుమార్లు తడుపు.
ఏడు నెలల జీతం బాకీ ఉన్న మిల్లు
ఈపాటి నీడ ఇచ్చింది.

తొలిపండు గోరింక తింది.
రెండోది నత్త.
మూడోది చిటికెనవేలి గోరంత,
వేలు తగలగానే రాలి అరచేతిలో పడింది.
సందు అవతలనుంచి పక్కింటి గుంట లిఖిత అరిచింది:
"తాతా, ఏటి వండతన్నారు?"
దాలినాయుడు రోజాపూల సిరపన్నాడు.
సన్యాసమ్మ కళ్లు మూసుకుంది.
"మాయమ్మ ట్రంకుపెట్టి తెరిస్తే..." అని
ఆగిపోయింది. మిగతాది చెప్పలేదు.

నాకేమీ లేదు.
ముప్ఫైనాలుగేళ్ల గోగునార దుమ్ము, బేచింగు నూనె
ముక్కులో ఆ నరాన్ని ఎప్పుడో తినేశాయి.
కర్పూరం, సబ్బు, ఎండుచేప
మూడూ నాకు గాలే.
నాలిక్కి కాస్త పులుపు, కాస్త తీపి,
పంటికింద ఇసకపలుకులా గింజలు.
అంతే.

అందుకే రోజూ నాలుగు కోసి
ఎవరో ఒకరి ముక్కు దగ్గర పెట్టి
ముఖం చూస్తాను.
పోస్టుమాను. కరెంటు బిల్లు కుర్రాడు.
నిన్న మా పాత టైంకీపరు,
రెండు నిమిషాలు లేటైతే పూట జీతం కోసినవాడు,
వాసన చూసి
చేతిలో సైకిలు ఉందని మరిచాడు.
అది పడింది. మేమిద్దరం ఎత్తాం.

వానలు పట్టాక
పాత బ్లేడుతో దుబ్బులు చీల్చాను.
తొమ్మిది పదహారయ్యాయి, ఒకటి చచ్చింది.
గేటు తెరుస్తారంటున్నారు.
తెరిస్తే రాత్రి షిఫ్టు అడగాలి.
పగలు గోనెలు ఎవరు తడుపుతారు?