డ్యామేజీ రిజిస్టర్

జడ్చర్ల బైపాసు పక్కన మూడో నంబరు గోదాం.
రాత్రి షిఫ్టు రిజిస్టరు నా చేతిల ఉంటది.
మూలలు చినిగిన పసుపు అట్ట.
తేదీ, టైము, లారీ నంబరు,
ఎన్ని పెట్టెలు పగిలినయ్,
చివరి గడి: కారణం.

ఆ గడిల నాలుగేండ్ల సంది
ఒక్కటే ముక్క రాస్తున్న:
చెయ్యి జారింది.

ఎవరి చెయ్యి అన్నదానికి గడి లేదు.

మా గోదాం నిండ నొప్పుల మందే.
నడుముకు, మెడకు, మోకాళ్లకు పూసుకునే గొట్టాలు,
పెట్టెకు పద్దెనిమిది కిలోలు.
కుర్మయ్య రాత్రికి ఆరువందలు ఎత్తుతడు,
తెల్లారి ఇంటికి పోయి
ఉప్పు మూటతోటి కాపడం పెట్టుకుంటడు.
"ఒక గొట్టం కొనుక్కోరాదే అన్నా" అంటే
నవ్విండు.
"ఆ వాసన తగిలితే
ఇంకా డ్యూటీలనే ఉన్నట్టుంటది చెల్లె,
కన్ను మూతపడదు."

మాఘంల ఒక రాత్రి
కర్నూలు లారీ లేటయింది.
పనిలేక పాత పేజీలు తిరగేసిన.
పదింటికి ఒకటి.
పన్నెండుకు రెండు.
మూడు దాటినంక
చీమల బారు లెక్క—
జారిన చేతులు, జారిన చేతులు,
కోడి కూసేదాక.

ప్రభులింగం సారుకు చూపెట్టిన.
"వీళ్లకు జోల పాడాల్నా? గోదామా, సత్రమా ఇది?"

మనిషి నొప్పి చెప్తే చెవి పెట్టలేదు.
పెట్టె నొప్పి చెప్పిన.
పగిలిన మాలు ఇంత,
లారీ నిలబడ్డ గంటలకు ఇంత,
పార్టీ వాపసు పంపిన లోడు ఇంత,
నడుం పట్టి మానేసినోళ్లు ఆరుగురు,
కొత్తోళ్లకు పని మప్పినన్ని దినాలు
ఉత్త జీతం ఇంత.
సారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు,
మల్ల పెట్టుకున్నడు,
కూడిక తనే ఇంకోసారి చేసుకున్నడు.
"ఒక్క నెల" అన్నడు.

నేల మీదికెల్లి వంగి ఎత్తకుండ
నడుమెత్తు బల్ల ఒకటి వచ్చింది.
రెండున్నరకు పావుగంట కూసోవచ్చు.
మిడ్జిల్ మాసమ్మ బకెట్ల జొన్న అంబలి,
అండ్ల ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ.
మొదటి రాత్రి ఎవ్వరూ కూసోలేదు.
కూసుంటే పేరు కోస్తరేమో అని
గ్లాసులు పట్టుకొని నిలబడే తాగిండ్రు.

పందొమ్మిది ఏడైనయ్.
ఏడు మూడైనయ్.

హైదరాబాదు ఆఫీసుల తెర మీద వేసిండ్రంట:
రూపాయి పెడితే నాలుగు మిగులు.
చప్పట్లు కొట్టిండ్రంట.
సారు ఫోన్ల ఫోటో చూపిచ్చిండు.
బల్ల ఉన్నది. బకెటు ఉన్నది.
అంబలి గ్లాసు పట్టుకున్న చేతులున్నయ్
మణికట్టు దాక.

నాకు కడుపు నిండినట్టూ అయింది,
సిగ్గూ అయింది.
రెండూ ఒక్కపారే.

కుర్మయ్య మెల్లగ అడిగిండు:
"నాలుగు రూపాయలు మిగిలెనంటివి గద,
అండ్ల నా మోకాలు ఎంత?"

మోకాలు ఆ నాలుగేండ్లల్ల పోయిందే.
పావుగంట దాన్ని వాపసు తేలేదు.
ఏం చెప్పాలె?
పెన్ను మూత పెట్టిన, తీసిన.

నిన్న రాత్రి మూడు పదికి
ఒక పెట్టె పడ్డది.
పడేసింది నేనే,
బల్ల కిందికి జరుపబోయి.
మణికట్టు మెలిపడ్డది.
ఎడమ చేత్తోటి రిజిస్టరు తెరిచి
కారణం గడిల
చెయ్యి అని రాసి, కొట్టేసి,
గడి చాలక పక్క గడిలకు పోయి
వంకర అక్షరాలతోటి రాసిన:
రేణుక. పిల్లకు జరం.
మూడు రాత్రులు, మూడు పగళ్లు నిద్ర లేదు.

కుర్మయ్య పగిలిన పెట్టెలకెల్లి
చితికిన గొట్టం ఒకటి తీసిండు.
వాసనకు మొకం పక్కకు తిప్పుకొని
నా మణికట్టుకు రుద్దిండు,
ఎద్దు మెడ కాయను రుద్దినట్టు,
గట్టిగ, నెమ్మదిగ.

"డ్యామేజీ మాలే గద.
ఇది రాయకు" అన్నడు.

రాయలేదు.