గంజికట్ట

కొర్లగుంటలో అద్దెకుంటాను.
గుంట యాడుండేదో ఇంటాయనకీ తెలీదు.
రాత్రి పదికి, కొండ మెట్ల దీపాలు
కిటికీలో వంకరగీత అయినాక
ఐర్లండు తెరుస్తాను.

నోరు తిరగని ఊర్లు.
రాసిన అక్షరాల్లో సగం పలకనే కూడదంట,
మా రికార్డుల్లో పేర్లున్నోళ్ళ మాదిరి:
ఉంటారు, మాట్లాడరు.
ఆ దేశంలో పరాయి దొరల సర్వేవాళ్ళు
గుట్ట పేరూ వాగు పేరూ అడిగి
తమ చెవికి ఎంత పట్టిందో అంతే రాసుకుపోయారు.
చదువుతూ చదువుతూ నా చెవి తడుముకున్నాను.
నేనూ సర్వేయర్నే గదా, పాకాల మండలానికి.

మంగళారం, దొరసామికీ మొగిలప్పకీ గెనిమ తగాదా.
ఇద్దరూ గొంతులు చించుకుంటా ఉంటే
రెండువందల పద్నాలుగు బై రెండు బి, అన్నాను.
ఎవురికీ అర్థం కాలా.
మేకల్ని తోలుకుపోయే చెంగమ్మవ్వ నిలబడి
"అది కాకులకయ్య. ఆ పక్కది మూగోడి మడి.
మిట్ట మీదుండేది గంజికట్ట" అనింది.

గంజికట్ట?
పటంలో పోరంబోకని నేనే గీశాను, పోయినేడు.
నిలువెత్తు మట్టి, రెండు వరసల రాళ్ళు.
పైన వంక లేదు, కింద మడి లేదు,
నీళ్ళ మొహం చూడని కట్ట.

"నీళ్ళకి గాదు నాయనా.
మా అవ్వోళ్ళవ్వ నాటి కరువులో
ఊరికే పోస్తే సోమరులైపోతారని
దొర మట్టి మొయ్యమన్నాడంట.
పొద్దుగూకులూ మోస్తే ముంతడు గంజి.
కూలబడినోళ్ళని ఆడనే పెట్టి
పైన ఇంకో తట్ట పోసినారంట."
మేకొకటి కట్టెక్కి తుమ్మకాయలు నములుతా ఉంది.

ఆ రాత్రి పుస్తకంలో అదే కట్ట.
ఉర్లగడ్డ కుళ్ళిన ఏడు,
ఎవురి చేనునీ కాయని రాతిగోడ,
కొండ నడుమున ఆగిపోయిన బాట.
ఆడ గిన్నెడు జావ, ఈడ ముంతడు గంజి.
లెక్క రాసిన చెయ్యి ఒకటేనేమో,
దస్తూరి వాటం చూస్తే.
సంగటి చల్లారి గట్టిపడింది. తినబుద్ధి కాలా,
తిన్నాను.

రిజిస్టర్లో విస్తీర్ణానికి గడి ఉంది, శిస్తుకు ఉంది,
పేరుకు లేదు.
అంచున పెన్సిలుతో సన్నగా రాశాను: గంజికట్ట.
తాసిల్దారు చూస్తే చెరపమంటాడు.
చెరిపేదానికైనా ఒకసారి చదవాల గదా.

శుక్రారం మళ్ళీ పోవాల.
గెనిమ తగాదా అట్లే ఉంది.
ఆ మూగోడు ఎవురో
అడగనే లేదు.