తలుపుకి అంటించే కాగితం

రాత్రి పదిన్నరకి షట్టర్ దించాక
గల్లాపెట్టె పక్కన మ్యాపు పరిచాను.
ముడుచుకోకుండా మూలకొక బీరు డబ్బా పెట్టాను.
మొరావియా అంతా మా షాపు బల్ల మీద,
ఒక అంచు మాత్రం ఉల్లిపాయల బుట్టలోకి వేలాడుతూ.

ఈ దేశంలో నాన్నకి ఇరవై రెండేళ్ళు.
తెలిసిన దారి ఒక్కటే.
బ్ర్నో నుంచి ప్రాగ్ టోకు బజారుకి
తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి
షాపు తెరిచే వేళకి వెనక్కి.
ఆ రెండువందల కిలోమీటర్లలో
ఏ బంకులో కాఫీ చవకో చెప్పగలడు.
దారి పక్కన ఏం పండుతుందని అడిగితే
"చీకటి" అంటాడు.

నాకు లైసెన్సు వచ్చి పంతొమ్మిది రోజులు.
ఆ ధైర్యంతోనే అనేశాను:
మూడు రోజులు. మనం నలుగురం. పెద్ద రోడ్డు ఎక్కకుండా.

అమ్మ లెక్కలు మొదలుపెట్టింది.
పాలు విరిగిపోతే ఎవరికి నష్టం?
పొద్దున్నే నాలుగు రొట్టెలకి వచ్చే
హావెల్కా ముసలాయన ఏం తింటాడు?
ఆయనకి పక్క వీధి షాపు అలవాటైపోతే?
కాసేపటికి, ఎవరూ అడక్కుండానే,
అన్నం కుక్కర్ పడుతుందో లేదో చూడ్డానికి
వ్యాన్ వెనక తలుపు తీసింది.
ఒప్పుకుందని అప్పుడు తెలిసింది నాకు.

తమ్ముడు ఖోయ్‌కి మలుపులంటే వాంతులు.
వాడి కోసం తిన్నని రోడ్లు వెతికాను.
ద్రాక్షతోటల మధ్య రోడ్డు
ద్రాక్షతీగ లాగే పోతుంది, ఏం చెయ్యను.
నాలుగు నిమ్మకాయలు, ఒక కట్ట సంచులు, అని రాసుకున్నాను.

మ్యాపు యార్మిలా బామ్మది.
అమ్మా నాన్నా షాపులో నిలబడ్డ రోజుల్లో
సోమవారం నుంచి శుక్రవారం దాకా
నెలకింత అని మాట్లాడుకుని నన్ను పెంచిన మనిషి.
డబ్బు ఇవ్వడం మానేసినా నేను వెళ్ళడం మానలేదు,
ఆమె ప్లమ్ పళ్ళ కుడుములు చెయ్యడమూ మానలేదు.
మ్యాపు మీద ఎర్ర పెన్నుతో రాసిచ్చింది:
ఇక్కడ రోడ్డుకి రెండు పక్కలా చెర్రీ చెట్లు, ఎవరివీ కావు, కోసుకోండి.
ఇక్కడ చర్చి బాగుంటుంది, సూపు బాగోదు.
ఈ వంతెన దగ్గర ఆగండి.
ఎందుకో రాయలేదు. అడిగితే
పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్ళిపోయింది.

నాన్న ఒక్కొక్క పేరు మీదా వేలు పెట్టి
నోట్లో నములుతున్నాడు.
జ్నోయ్మో దగ్గర వేలు ఆగింది.
లేచి మూడో అరలోంచి
దోసకాయల ఊరగాయ సీసా తెచ్చి
లేబుల్ చూశాడు, మ్యాపు చూశాడు.
"ఇది కంపెనీ పేరనుకున్నాను.
ఊరా?"
సీసాని ఆ ఊరి మీదే పెట్టాడు.
ఇక ఆగలేదు.
మికులోవ్ మీద వైన్ సీసా.
ఒలొమొత్స్ మీద జున్ను పొట్లం,
దాని వాసనకి అమ్మ ముక్కు మూసుకుని
ఆ ఊరు మాత్రం వద్దంది.
ఇరవై రెండేళ్ళుగా రేటు చీటీలు అంటించిన దేశం
ఒక్కొక్క డబ్బాగా దిగొచ్చి కూర్చుంది.
మా దారి మా అరల్లోనే ఉంది, దుమ్ము తుడిస్తే.

చివరికి తలుపుకి కాగితం.
నాన్నకి రాయడం వచ్చిన వాక్యం ఒక్కటే,
ఇక్కడ అన్ని షాపులూ రాసేది:
సాంకేతిక కారణాల వల్ల మూసివేయడమైనది.
"మనమేం చెడిపోలేదు నాన్నా.
సెలవు అని రాయి. దొవొలెనా."
సగం రాసి ఆగాడు.
"దానికి అసలు అర్థం ఏంటి?"
"అనుమతి ఇచ్చినది, అని."
"ఎవరిచ్చారు?"

ఫ్రిజ్‌లు గుర్రుమంటున్నాయి.
బియ్యం బస్తాల మీద ఖోయ్ నిద్రపోతున్నాడు.
నా దగ్గర జవాబు లేదు.
కుక్కర్ తుడుస్తూ లోపల్నుంచి అమ్మ అంది:
"నేనిచ్చాను. రాయి."

రాశాడు.
చివరి అచ్చు మీద గీత పెట్టడం మర్చిపోయాడు.
నేను దిద్దలేదు.