ఏ లంక?

మిషను బరువు నలభై ఒక్క కేజీ.
తాటిపాకలో కొబ్బరికాయలు తూచే కాటా మీద
బతిమాలి తూయించాను.
ముల్లు నిలబడేదాకా ఆగి కాటా కుర్రాడు
"ఎక్కడికండీ?" అన్నాడు.
లంకకి, అన్నాను.
"ఏ లంకండీ? రేవు అవతలదా?
పంటు మీద పెట్టెయ్యండి,
మనిషికే పది, మిషనుకి ఏం తీసుకోడు."

ఆ లంక కాదు బాబూ.
వరదొస్తే మునిగేది, తీశాక పొగాకు వేసేది కాదు.
సముద్రం అవతల లంక.
అక్కడ నెగొంబోలో శ్రియాని ఉంటుంది.

కువైట్‌లో మా ఇద్దరిదీ ఒకే వంటగది.
ఆమెకి తెలుగు రాదు, నాకు సింహళం రాదు,
మేడమ్ తిట్టిన అరబ్బీయే మా ఉమ్మడి భాష.
శుక్రవారం బజార్లో పాత కుట్టుమిషను కనబడితే
చెరి సగం వేసుకుని కొన్నాం.
ఐదేళ్ళు నీకు, ఐదేళ్ళు నాకు.
కాయితం లేదు. వేళ్ళు చూపించుకున్నాం, అంతే.
ముందు వంతు నాది.
మొన్న గుడ్ ఫ్రైడేకి ఐదూ నిండాయి.

రాజోలు పోస్టాఫీసులో
ఇరవై కేజీలు దాటితే మాకొద్దన్నారు.
అమలాపురం కొరియరు అబ్బాయి టేపు పట్టుకుని
పొడుగూ వెడల్పూ ఎత్తూ గుణించి
నలభై ఒకటిని అరవై ఎనిమిది చేశాడు.
అదేంటయ్యా అంటే
"పెట్టెలో ఖాళీ కూడా లెక్కేనండి, విమానంలో."
ఇరవై ఏడు కేజీల గాలి!
మా ఇంటి చుట్టూ అంత గాలి వీస్తుంది,
ఒక్కడూ బేరానికి రాలేదు.

కాకినాడ వెళ్ళాను.
ఫ్యాను కింద ఆయన తలెత్తకుండా
"కంటైనరు నింపుతావా?" అన్నాడు.
తాళ్ళరేవులో పడవలు కట్టే ముసలాయన మాత్రం
ఉలి పక్కన పెట్టి నవ్వాడు.
"మా తాతల నాడైతే బియ్యం బస్తాల మీద పడేసి
తెరచాప ఎత్తేవోళ్ళు."
అప్పుడు గాలే మోసేదట. కూలి అడిగేది కాదు.

పీచు లారీ ధనరాజు
టీ డబ్బులిస్తే తూత్తుకుడి దాకా తీసుకెళ్తానన్నాడు.
అక్కణ్ణుంచి?
"అక్కణ్ణుంచి మీ ప్రభువే చూసుకోవాలి సువార్తమ్మగారూ."

ఆ రాత్రి స్క్రూడ్రైవరు తీశాను.
బెల్టు తప్పించాను. మేకులు వదులు చేశాను.
ఇనప స్టాండు ఒక పక్కకి, చెక్క ఒక పక్కకి.
విప్పిన కొద్దీ లంక దగ్గరికొచ్చింది.
చివరికి తల ఒక్కటే మిగిలింది,
పదకొండు కేజీల ఏడు వందలు.
బంగారు పువ్వులు చెరిగినచోట నా అరచెయ్యి ఉంది.
స్టాండు ఆమె అక్కడే చేయించుకుంటుంది,
వడ్రంగి లేని ఊరుంటుందా.
అట్టపెట్టెలో గాలి మిగలకుండా పీచు కూరాను,
కొరియరు అబ్బాయి మీద కసితో కూరాను.

మళ్ళీ పోస్టాఫీసు.
ముల్లు పదమూడుకి కొంచెం ఇవతల ఆగింది.
"పదమూడుకే కట్టాలండి,
ఇంకా మూడొందల గ్రాములు పడుతుంది" అన్నాడు గుమస్తా.
డబ్బు కట్టిన జాగా, వదులుతానా?
ఎండు మెత్తళ్ళు అంటే ముక్కు మూసుకున్నాడు.
ఎదురు కొట్లో దారపు రీళ్ళు కొన్నాను,
ఎరుపు రెండు, మిగతావన్నీ పాలరంగు.

ఫారం మీద అడిగాడు: బహుమతా, సరుకా?
రెండూ కాదండీ. వంతు.
"వంతుకి గడి లేదమ్మా."
వెనక లైను దగ్గింది.
ఆయనే బహుమతి దగ్గర టిక్కు కొట్టాడు.
ఆమె సగాన్ని ఆమెకే దానం చేసినట్టు
ఆటో దిగేదాకా సిగ్గేసింది నాకు.

స్టాండు అరుగు మీదే ఉంది.
దాని మీద బట్టలు ఆరేస్తే ఊరుకోను.
సాయంత్రం కూర్చుని ఊరికే తొక్కాను,
చక్రం తిరిగింది, ఏమీ కుట్టకుండా.
తుప్పు పట్టకుండా నూనె వేస్తుండాలి.
ఐదేళ్ళకి తల తిరిగొస్తుంది.
చవకదారి వెతుక్కోవడం
అప్పుడు శ్రియాని వంతు.