గాజుగొట్టంలో మీగడ

ల్యాబులో పిల్ల తస్లీమా
నా రెత్తం పట్టిన గాజుగొట్టాన్ని
కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించినాది.
అడుగున ఎరుపు.
పైన తెల్లగా, వంచినా జారనంత చిక్కగా ఏదో.
"ఏందమ్మా, ఎవరిదో ఎనుము పాలు పోసినట్టుండావే" అని నవ్వినా.
ఆ పిల్ల నవ్వలే.
"నీదే, ఉరుకుందన్నా.
నీ రెత్తంలో తేలిన కొవ్వు."

ట్రైగ్లిజరైడ్లు ఎనిమిదొందల నలభై.
నూటయాభై దాటగూడదంట.
సేటు కాడ తెచ్చిన నూటయాభైకి
ఇంత వడ్డీ ఎప్పుడెక్కిందో
నాకు తెలీనే లేదు.

ఆదోని మార్కెట్ యార్డు గేటు కాడ
ఇరవై రెండేండ్ల నుంచీ నా బండి.
పత్తి మూటలు దించే హమాలీలకు ఉగ్గాని,
పక్కన రెండు మిరపకాయ బజ్జీ.
ఉప్పు సరిపోయిందా లేదా అని
వాయికొకటి నోట్లో ఏసుకునేటోణ్ణి.
దినానికి ఎన్ని వాయిలు?
డాక్టరు అడిగేదాకా లెక్క పెట్టలే.
రాత్రి కాళ్ళనొప్పులకని ఒక క్వార్టరు,
దానికి తోడు మిగిలిన బజ్జీలు.
పారేస్తే పాపం గదా.

"తుంగభద్ర కాలవ చూసినావు గదా,
పూడు పేరుకుంటే చివరి చేనుకు నీళ్ళందుతాయా?
కొలెస్ట్రాల్ చేసే పని అదే.
ఇంగ ఈ తెల్లది ఇట్లే పెరిగి క్లోమం వాచిందంటే
నువ్వు నా కాడికి నడిచి రావు,
కర్నూలు పెద్దాసుపత్రికి మోసుకోని పోతారు."
చీటీ మీద మాత్రలు రాసిచ్చి
మళ్ళీ అన్నాడు డాక్టరు:
"ఆ మందు మానెయ్. ఈ మందు మానొద్దు."

మీ ఇంట్లో ఎవరికన్నా గుండె జబ్బుండ్యా, అని కూడా అడిగినాడు.
మా నాయన నలభై ఆరేండ్లకు
మూట కిందనే కూలినాడు.
గాలి సోకిందని దిగదుడిచినారు మావోళ్ళు,
నిమ్మకాయలు కోసినారు.
అప్పుడు గాజుగొట్టం ఎవరు చూపించినారు?

మా సుంకమ్మ ఇప్పుడు తాళింపుకు
కంట్లో మందేసినట్టు నూనె చుక్కలేస్తాది.
బియ్యం తగ్గించి కొర్రన్నం వండుతాది, జొన్నరొట్టె కొడతాది,
టీలో చక్కెర దాచిపెడతాది.
మొదటి వారం దాన్ని తిట్టని పూట లేదు.

బండి పెట్టకముందే, చీకటితో,
రణమండల కొండ మెట్లెక్కుతాండా.
తొలిదినం ముప్పై మెట్లకే కూలబడితే
కోతులు కూడా జాలిగా చూసినాయి.
ఇప్పుడు సగం కొండ ఎక్కి, ఊరంతా లైట్లు ఆరేది చూసి దిగుతా.

పీర్ల పండగనాడు మాత్రం
దస్తగిరి ఇంట్లో చోంగెలు ఆరు తిన్నా.
ఎవరికీ చెప్పలే.
నేను చెప్పకపోతే మాత్రం,
గొట్టం ఊరుకుంటాదా?

మూడు నెలలకు మున్నూట పది.
చెడ్డ కొలెస్ట్రాల్ మాత్రం మొండికేసి కూచుండాది.
మాత్ర ఇంగొంచెం పెద్దది చేసినాడు డాక్టరు.
"మీ నాయన ఇచ్చిపోయిన ఆస్తి ఇది,
అన్నం తగ్గిస్తే ఒక్కటే పోదు" అన్నాడు.
పిల్లోణ్ణి కూడా ఒకసారి తీసుకురమ్మన్నాడు.
పదిహేడేండ్లు వానికి.
వానికి ఎట్ల చెప్పాలో ఇంగా ఆలోచిస్తాండా.

నిన్న పొద్దున చలికి చేతులు కొంకర్లు పోతాండాయి.
పామాయిలు డబ్బా మూత తీస్తే
పైన తెల్లగా గడ్డకట్టి
అదే మీగడ.
గరిటె చేతిలోనే ఉండిపోయినాది చానాసేపు.
పొయ్యి వెలిగించకుంటే ఇల్లు గడవదు.
వెలిగించినా.
కరిగి మామూలు నూనె అయిపోయినాది, ఏమీ ఎరగనట్టు.

హమాలీ ఈరన్న ప్లేటు చాపినాడు,
"ఇంగో రెండెయ్ అప్పా."
జారి తీసినా గానీ చెయ్యి కదల్లే.
"ఎప్పుడన్నా రెత్తం చూపించుకున్నావా, ఈరన్నా?"
"నా రెత్తానికేం? ఇనుము మాదిరుంటాది" అని
నవ్వినాడు వాడు,
ఆపొద్దు నేను నవ్వినట్టే.