లాగే గాలి

సంతనూతలపాడు దాటాక
రాయి లారీ వెనక బ్రేకు తొక్కితే
పెడల్ దిగలేదు.
గోడను తన్నినట్టుంది.
రెండు కాళ్ళూ పెట్టి దాని మీద నిలబడ్డాను.
లారీ మీది నల్లరాయి, గొలుసైనా లేని ఇరవై టన్నులు,
ముందద్దం నిండా పెరిగి పెరిగి
మూరెడు దూరంలో ఆగింది.
నేనూ, నా రెండువేల మూడు ఇండికా
కాసేపు ఒకేలాగ వణికాం.

ఒంగోల్లో ఇదివరకే ప్యాడ్లు మార్చారు,
మాస్టర్ సిలిండర్ మార్చారు,
బూస్టర్ పోయిందని అదీ మార్చారు.
పాలిషింగ్ యూనిట్లో బిల్లులు రాసేవాణ్ణి,
వాళ్ళ బిల్లు రెండుసార్లు కూడి చూశాను.
అంకెలు సరిపోయాయి.

కరిముల్లా బానెట్ ఎత్తలేదు.
సీట్లో కూర్చుని, ఇంజన్ ఆపి,
పెడల్‌ని ఐదారుసార్లు తొక్కాడు.
అది బిగిసింది.
కాలు తియ్యకుండా తాళం తిప్పాడు.
"ఇప్పుడు వేలెడు దిగాల సార్,
నానిన మట్టిలో కాలు దిగినట్టు."
దిగలేదు.
"బూస్టర్ కొత్తదే. దానికి తిండి అందట్లా."

పెట్రోలు బండికి గొంతులో మూతుంటదట,
ఊపిరి బిగబడితే లోపల ఖాళీ దానంతటదే పుడతదట.
డీజిలుది ఎప్పుడూ తెరిచిన నోరు.
దానికి ఖాళీని వేరే తయారుచేసి పెట్టాల
అంటూ ఆల్టర్నేటర్ తోకకు అతుక్కున్న
కొబ్బరిచిప్పంత డబ్బాను
స్క్రూడ్రైవర్‌తో తట్టి చూపించాడు.
ఖాళీని తయారుచెయ్యడమా?
మా లెడ్జర్లలో దానికి కాలమ్ లేదు.

స్క్రూడ్రైవర్ మొన డబ్బాకు ఆనించి
పిడి కుడిచెవికి పెట్టుకున్నాడు.
ఎడమ చెవి చీమకుర్తి క్వారీకిచ్చేశాడు,
పదకొండేళ్ళు కంప్రెసర్ మీద, తూటాల మధ్య.
"ఊదే గాలి నాకు అప్పుడే తెలుసు.
లాగే గాలి తర్వాత నేర్చుకున్నా."

పైపు పీకాడు. వాల్వును నోటితో ఊదాడు:
ఒకవైపు పోయింది, రెండోవైపు పోలేదు.
"ఇది మంచిదే."
పైపును వంచి వంచి చీలిక కోసం వెతికాడు.
లేదు.
"బొటనేలు పెట్టండి."
డబ్బా మూతి మీద పెట్టాను.
జ్వరమొచ్చిన పసిబిడ్డ
రొమ్ము పట్టి, లాగలేక వదిలి,
మళ్ళీ పట్టినట్టుంది.
యోహాను మీటరు తగిలించాడు.
ముల్లు పది దగ్గరికెళ్ళి, వణికి, కూలబడింది.
"ఇరవై దాటాల," అన్నాడు పిల్లాడు,
వాళ్ళ మేస్త్రి కంటే ముందే.

విప్పితే నల్లనూనె
ఆల్టర్నేటర్ కడుపులోకి దిగి ఉంది.
"ఎర్రలైటు ఎలగలా?" అనడిగాడు.
వెలిగింది. నేనే
దాని మీద మా ఇంట్లో బొట్టుబిళ్ళ తీసి అంటించి
ఆరు నెలలైంది.
చెప్పలేదు. చూసినట్టున్నాడు.

లోపల నాలుగు రెక్కలు,
విరిచిన బిస్కెట్టు ముక్కలంత.
ఒకదానికి అంచు లేచిపోయింది,
మిగతావి అరిగి అరిగి
గోడను తాకడం ఎప్పుడో మానేశాయి.
తిరగడం మాత్రం మానలేదు.

మర్నాడు కొత్త రెక్కలు, కొత్త సీలు.
మళ్ళీ బొటనవేలు పెట్టమన్నాడు.
ఈసారి అది పట్టుకుంది.
నేను తీస్తే రాలేదు,
వదలమంటే వదల్లేదు.
టప్పుమని ఊడొచ్చాక
వేలి మీద గుండ్రటి ఎర్రముద్ర.
తొమ్మిదొందలు తీసుకున్నాడు.
బిల్లు అడిగితే నవ్వి
చేతులు కిరసనాయిల్లో ముంచాడు.

మధ్యాహ్నం యూనిట్లో, నా కిటికీ అవతల
క్రేను దించిన నాలుగు రబ్బరు గిన్నెలు
తొమ్మిదడుగుల పలక మీద కూర్చున్నాయి.
కొక్కెం లేదు, తాడు లేదు.
పలక లేచింది.
పద్నాలుగేళ్ళుగా రోజూ లేస్తోంది,
నేను అడుగులు, అంగుళాలు రాసుకుంటూనే ఉన్నాను.
ఇవాళ పెన్ను ఆగింది.
వేలి మీద ముద్ర ఇంకా పోలేదు.
కింద ఎవరూ నిలబడొద్దని
బయట ఎవరో అరుస్తున్నారు.